గీతకు ఆవల

జెఫ్ వాండర్‌మీర్ అనే అమెరికా రచయిత 2014లో, ఒకే ఏడాదిలో వెలువరించిన మూడు నవలలను - యానిహిలేషన్, అథారిటీ, యాక్సెప్టెన్స్ - ఈ మధ్య అరకులో ముసురు పట్టిన నాలుగు రోజులలో చదివాను. తెలుగు పండితుడికి సైన్సు ఫిక్షనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చును. మా అబ్బాయి పోరు పడలేకే మొదటి పుస్తకం పట్టుకున్నాను.

ఒక తీరసీమ చుట్టూ కంటికి కనబడని సరిహద్దు ఏర్పడుతుంది. ప్రభుత్వ సంస్థ ఒకటి లోపలికి బృందాలను పంపుతుంటుంది. వెళ్ళినవారికి పేర్లుండవు, జీవశాస్త్రవేత్త, సర్వేయరు, అంతే. మీది పన్నెండవ బృందమని చెప్పి పంపుతారు. దీపస్తంభంలో కుప్పగా పడివున్న డైరీలను చూచినప్పుడు కథానాయికకు తెలుస్తుంది, పదకొండు బృందాలు వ్రాయగలిగినవి కావు అవన్నీ అని. అక్కడ పుస్తకం మూసి, కిటికీ అవతలి కొండల వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

మన కొండలకూ అలాంటి గీత ఉన్నది. అది ఆకాశం నుండి ఊడిపడినది కాదు. 1835-37 నాటి గుంసూరు పోరాటాల తరువాత కంపెనీ ప్రభుత్వం 1839లో 24వ చట్టం చేసి, గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండసీమలను మామూలు న్యాయస్థానాల పరిధి నుండి తప్పించింది. అక్కడ కలెక్టరు గవర్నరుకు ఏజెంటు. ఆ ఏజెంటు ఏలుబడి గనుక ఏజెన్సీ. నేటికీ ఏజెన్సీ అనే అంటున్నాము గాని, ఆ మాటలో ఒక చట్టం దాగి ఉన్నదని తలచము.

ఆ గీత దాటి దండు వెళ్ళింది, సర్వే వెళ్ళింది. 1879 రంప పితూరీకి, 1922-24లో సీతారామరాజుకు ఎదురుగా పటాలాలు వెళ్ళాయి. నవలలో మనిషిని లోలోపల మార్చేది పీల్చిన రేణువులు. మన్యంలో దొరలనూ సిపాయిలనూ కూల్చినది జ్వరం. గాలి చెడ్డదన్నారు, నీళ్ళు చెడ్డవన్నారు. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచేదాకా కొండే విషం.

బొర్రా గుహలనే చూడండి. భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1807లో కనుగొన్నాడని పర్యాటకుల పుస్తకాలు చెబుతాయి. ఆ సంస్థ పుట్టినదే 1851లో! తప్పిపోయిన ఆవును వెదుకుతూ గుహలోకి దిగి శివలింగాన్ని చూచిన పశులకాపరి కథ మాత్రం అక్కడివారు చెప్పుకుంటారు. అతనిది ఎన్నవ బృందమో!

రెండవ నవల అంతా ఆఫీసు, ఫైళ్ళు. చాలామందికి విసుగు, సర్కారు కొలువు చేసినవాడిని గనుక నాకు నచ్చింది. కాని మనసు పట్టినది మూడవది. గీత పడకముందు ఆ తీరాన దీపం వెలిగిస్తూ బతికినవాడు అందులో మాట్లాడతాడు. మన కుప్పలో దొరల డైరీలు, మాన్యువళ్ళు ఉన్నాయి. ఖోందు, గదబ, పోర్జా చేతి వ్రాత అందులో ఎక్కడ?

నేనూ ఒక బృందంలోనివాడినే. 1980లలో ఒక కొండబడిలో చేరాను. తరగతిలో నోరు విప్పని పిల్లలను గురించి నోటుపుస్తకంలో మందమతులని వ్రాసుకున్నాను. వారి ఇంటిమాట కువి అనీ, నా తెలుగు వారికి పరాయిదనీ గ్రహించడానికి ఏడాది పట్టింది. ఒక పిల్లవాడు ఆదివారం నా చేయి పట్టుకొని అడవంతా తిప్పి, చెట్టుచెట్టుకూ పేరు చెప్పాడు. ఒక్క పేరూ వ్రాసుకోలేదు. ఆ నోటుపుస్తకం ఇంకా నా పెట్టెలో ఉన్నది.