అమ్మ పేరు రాయని పేజీలు

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ ఊళ్లో హోలీ ట్రినిటీ చర్చి ఉంది. ఆ చర్చి భూస్థాపనల పుస్తకంలో 1608 సెప్టెంబరు 9న ఒక చిన్న పంక్తి కనిపిస్తుంది. మేరీ షేక్స్‌పియర్, విధవరాలు. అంతే. ఎనిమిది మంది పిల్లల్ని కన్న తల్లి ఆమె. ఎనిమిది బాప్తిస్మాలూ ఆ చర్చి పుస్తకంలోనే ఉన్నాయి. ప్రతిసారీ రాసింది ఒకే తీరు: ఫలానా బిడ్డ, జాన్ షేక్స్‌పియర్ కూతురు, ఫలానా బిడ్డ, జాన్ షేక్స్‌పియర్ కొడుకు. 1562 డిసెంబరులో మార్గరెట్ అనే పాపకు బాప్తిస్మం ఇచ్చారు. అయిదు నెలలు నిండకుండానే ఆ పాప పోయింది. 1563 ఏప్రిల్‌లో భూస్థాపన పేజీలోనూ జాన్ కూతురే. మళ్లీ ఏడాదికి, 1564 ఏప్రిల్ 26న, విలియం. లోకమంతా ఎరిగిన ఆ విలియం కూడా జాన్ కొడుకుగానే పుస్తకానికెక్కాడు. కన్నతల్లి పేరు అందులో చేరింది ఆమెను పాతిపెట్టిన రోజున.

పాత ఇంగ్లిషు చర్చి పుస్తకాల్లో వంశవృక్షం వెతుక్కోవడం అక్కడివాళ్లకు పెద్ద వ్యాపకం. ఒకప్పుడు ఊరూరా చర్చిలకూ, జిల్లా రికార్డు ఆఫీసులకూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పేజీల్లో చాలావాటి ఫొటోలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. తండ్రి నుంచి తాతకు, తాత నుంచి ముత్తాతకు మెట్లెక్కుతూ పోవడమే ఈ పని అని చాలామంది అనుకుంటారు. నేను ఆ పేజీల్లో ఎక్కువసేపు ఆగిపోయేది తల్లుల దగ్గర. ఇంటిపేరు మారిపోయి, చాలాచోట్ల సొంత పేరే లేక, సగం వంశం ఆ పుస్తకాల్లో మరుగున పడి ఉంది. దాన్ని వెలికితీయాలంటే ఆ రాతలు ఎవరు, ఎందుకు రాశారో ముందు తెలియాలి.

1538లో ఎనిమిదో హెన్రీ రాజు తరఫున థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, ఒక పుస్తకం పెట్టాలి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు వారం వారం ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పెద్దల ఎదుట పాదిరి అందులో ఎక్కించాలి. పుస్తకం దాచే పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది పెద్దల దగ్గర. రాయడం మానేస్తే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా, ఆ డబ్బు చర్చి మరమ్మతులకు. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం భయపడ్డారు. ఆ భయం అప్పటికి నిజం కాలేదు గానీ, తర్వాతి శతాబ్దాల్లో అదీ జరిగింది.

మొదట్లో రాసింది మామూలు కాగితం మీద. చెమ్మకు, ఎలుకలకు అవి ఎంతకాలం ఆగుతాయి? 1598లో ఎలిజబెత్ రాణి హయాంలో, పాతవన్నీ తోలు కాగితం మీదికి ఎత్తి రాయమన్నారు. మొదటి నుంచీ రాయండి, ముఖ్యంగా రాణి గద్దెనెక్కిన 1558 నుంచి అన్నారు. ఆ 'ముఖ్యంగా' అన్న మాట పట్టుకుని చాలా ఊళ్లలో 1558 నుంచే మొదలుపెట్టారు. ముందరి ఇరవై ఏళ్ల మనుషులు అలా జారిపోయారు. షేక్స్‌పియర్ బాప్తిస్మం పేజీ కూడా అలా తిరగరాసిన ప్రతే. ఆ శిశువుకు పేరు పెట్టిన రోజున తడిగా ఉన్న సిరా మనకు మిగల్లేదు.

అదే పుస్తకంలో 1564 జులై 11న ఆలివర్ గన్ అనే కుర్రాడి భూస్థాపన ఉంది. ఒకరి దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. అతని పేరు పక్కన లాటిన్‌లో మూడు మాటలు రాశారు. ఇక్కడ ప్లేగు మొదలైంది అని వాటి అర్థం. ఆ ఏడు ఆ చిన్న ఊళ్లో 200 మందికి పైగా పోయారు. మేరీ చేతుల్లో అప్పటికి మూడు నెలలు కూడా నిండని మగబిడ్డ. అంతకుముందు ఏడాదే ఒక కూతుర్ని మట్టికిచ్చిన తల్లి ఆ వేసవి ఎలా గడిపి ఉంటుందో పుస్తకం చెప్పదు. కానీ బాప్తిస్మాల పేజీల్లోని, భూస్థాపనల పేజీల్లోని తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదివితే మనకు అందుతుంది. ఈ పనిలో అసలు విద్య అదే, పంక్తికీ పంక్తికీ మధ్య రోజులు లెక్కపెట్టడం.

రోజులు లెక్కపెట్టడంలోనూ ఒక చిక్కుంది. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే ఆ పిల్లను అనుమానించకండి. ఆ లెక్కలో ఫిబ్రవరి ఏప్రిల్ తర్వాత వచ్చేదే. పది నెలలు గడిచాకే బిడ్డ పుట్టింది. 1733 దాకా కొన్ని పుస్తకాల్లో లాటిన్ బెడద కూడా ఉండేది. జేమ్స్ కాస్తా జాకోబస్, విలియం గులియెల్మస్ అయ్యేవారు.

తల్లి పేరు దాదాపు తప్పకుండా దొరికే ఒక చోటుంది. తండ్రి ఎవరో తేలని బిడ్డ బాప్తిస్మం. అక్కడ తల్లి పేరే రాశారు, పక్కన బిడ్డను తక్కువ చేసే ఒక మాట కూడా జోడించి. ఇలా పుట్టిన పిల్లలను పోషించే భారం పారిష్ మీద పడేది. అందుకని ఆ తల్లిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టి తండ్రెవరో చెప్పమని నిలదీసేవారు. ఆ వాంగ్మూలాలు రికార్డు ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నాయి. మర్యాదగా కాపురం చేసుకున్న ఇల్లాలి నోటి మాట చాలాసార్లు ఒక్కటీ మిగల్లేదు. అవమానపడ్డ పనిపిల్ల చెప్పింది మాత్రం ఊరు, ఇల్లు, నెల సహా కాగితం మీద నిలిచింది. చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది.

పుట్టింటి ఇంటిపేరు కావాలంటే పెళ్లి పుస్తకం చూడాలి. లార్డ్ హార్డ్‌విక్ తెచ్చిన చట్టం 1754 మార్చి 25న అమల్లోకి వచ్చాక పెళ్లిళ్లకు అచ్చు ఫారాలున్న పుస్తకాలు వచ్చాయి. క్వేకర్లకు, యూదులకు తప్ప అందరికీ చర్చిలోనే పెళ్లి. మూడు ఆదివారాలు ముందుగా ప్రకటన చదవాలి, లేదంటే లైసెన్సు తీసుకోవాలి. వధూవరులు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. సంతకం రానివాళ్లు నిశాని పెట్టాలి. ఆ రోజుల్లో పెళ్లికూతుళ్లలో సగం మందికి పైగా పెట్టింది నిశానే. పాదిరి పేరు రాసి మధ్యలో జాగా వదిలితే, ఆ జాగాలో ఒక ఇంటూ గుర్తు. కొన్ని గుర్తులు వంకర పోయి ఉంటాయి. కొన్నింట్లో సిరా ముద్దకట్టి ఉంటుంది, కలం పట్టుకోవడం తెలియక గట్టిగా అదిమినందుకు. ఒక ముత్తవ్వ చెయ్యి కాగితాన్ని తాకిన ఒకే ఒక్క క్షణం అది అయ్యుండొచ్చు. ఆ గుర్తు చూశాక పేరు ఎవరు రాశారన్నది నాకు చిన్న విషయమైపోతుంది.

ప్రభుత్వానికి కావలసింది వేరు. 1678 చట్టం ప్రకారం శవాన్ని ఉన్ని బట్టలోనే చుట్టి పాతిపెట్టాలి, అలా చేశామని ప్రమాణపత్రం ఇవ్వాలి, లేదంటే 5 పౌన్ల జరిమానా. దేశంలో ఉన్ని వ్యాపారాన్ని నిలబెట్టడానికి ఈ చట్టం. 1783లో ప్రతి నమోదు మీదా 3 పెన్నీల పన్ను వేశారు. నిరుపేదలకు మినహాయింపు. పదకొండేళ్లకు దాన్ని ఎత్తేశారు గానీ, ఈలోగా ఎన్నో పేర్ల పక్కన 'పేద' అన్న గుర్తు పడిపోయింది.

1813 నుంచి బాప్తిస్మాలకూ అచ్చు ఫారాలు వచ్చాయి. తల్లిదండ్రులిద్దరి పేర్లకూ గడి, తండ్రి వృత్తికి గడి, ఉండే ఊరికి గడి. 1837 జులై 1న ప్రభుత్వమే జననమరణాలు నమోదు చేయడం మొదలుపెట్టాక, జనన ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరుకు కూడా చోటు దొరికింది. మేరీ షేక్స్‌పియర్‌ను పాతిపెట్టి అప్పటికి 229 ఏళ్లు.

ఇక జనాభా లెక్కలు. 1801 నుంచీ పదేళ్లకోసారి లెక్కపెట్టినా, దేశమంతటా ఇంటింటి మనుషుల పేర్లతో రాసింది 1841 జూన్ 6 రాత్రికి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. 28 ఏళ్లామె 25 అయిపోతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో లేదు. పుట్టిన ఊరు లేదు, ఈ జిల్లాలోనే పుట్టారా లేదా అన్నదొక్కటే ఉంది. 1851 మార్చి 30 లెక్కల్లో పరిస్థితి మారింది. అసలు వయసు, కుటుంబ పెద్దతో చుట్టరికం, పుట్టిన పారిష్ అన్నీ అడిగారు.

నార్ఫక్‌లో ఒక విధవరాలు 1851లో తన వయసు 38 అని, తను పుట్టింది పక్క పారిష్‌లో అని చెప్పిందనుకుందాం. అయితే 1841లో ఆమె పేరు పక్కన 25 అని ఉంటే సరిపోతుంది, గాభరా పడక్కర్లేదు. ఆమె పెళ్లి నమోదులో పుట్టింటి ఇంటిపేరు చూసుకుని, అక్కణ్ణుంచి ఆ పక్క పారిష్ బాప్తిస్మాల పుస్తకంలో 1813 చుట్టుపక్కల వెతకాలి. కొత్త అచ్చు ఫారం వచ్చిన వేళ కాబట్టి అదృష్టముంటే ఆమె తల్లి పేరు దొరుకుతుంది. ఆ పేరు పట్టుకుని అంతకు ముందరి పదేళ్ల పెళ్లి పుస్తకం తిరగేస్తే ఆ తల్లి నిశాని కనిపించవచ్చు. రెండు తరాల ఆడవాళ్లు వరసగా.

వినికిడిని బట్టి రాసిన అక్షరాలను గుడ్డిగా నమ్మకూడదు. నవలా రచయిత చార్లెస్ డికెన్స్‌కు 1812లో బాప్తిస్మం ఇచ్చినప్పుడు అతని మూడో పేరు హఫమ్‌లో లేని అక్షరం ఒకటి చేర్చేశారు. పేరున్నవాళ్ల గతే ఇదైతే, పొలం కూలీ ఇంటిపేరు పదేళ్లకో తీరుగా ఉండటంలో వింతేముంది? ఆ మనిషి చదివి తప్పని చెప్పలేడు. ఆడవాళ్లు ఇంట్లో, పొలంలో చేసిన పని చాలాసార్లు వృత్తి గడిలో కనిపించదు. గడి ఖాళీ.

నా మనసుకు దగ్గరైంది 1911 ఏప్రిల్ 2 లెక్కల కాగితం. అంతకుముందు ఇళ్ల నుంచి వచ్చిన కాగితాలను లెక్కల ఉద్యోగులు పుస్తకంలోకి ఎక్కించేవారు. మనకు మిగిలింది వాళ్ల రాతే. 1911లో ఇంటివాళ్లు సొంత చేత్తో రాసిన కాగితాలే దాచారు. పెళ్లయిన ఆడవాళ్లను అందులో మూడు అంకెలు అడిగారు. ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నవాళ్లెందరు, పోయినవాళ్లెందరు. 11, 7, 4 అని రాసి ఉంటే, ఆ నాలుగు ఎవరో వెతకడానికి భూస్థాపనల పుస్తకానికి తిరిగి వెళ్లాలి. కొందరు ఆ గడుల్లో పోయిన పిల్లల పేర్లు కూడా రాసేశారు. ఉద్యోగులు వాటిని ఎర్ర సిరాతో కొట్టేసినా పేర్లు చదవగలుగుతాం. ఓటు హక్కు అడుగుతున్న ఆడవాళ్లలో కొందరు ఆ ఏడు లెక్కకు అందకుండా ఇల్లు విడిచిపోయారు. ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ ఆ రాత్రి పార్లమెంటు భవనంలోని ప్రార్థనాలయంలో ఒక అలమారలో దాక్కుంది, తన చిరునామా పార్లమెంటు అని రాయించడానికి.

1931 లెక్కలు 1942లో మంటల్లో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. నూరేళ్ల గోప్యత నియమం ప్రకారం 1921వి 2022లో బయటికొచ్చాయి. ఇక 1951వి తెరుచుకునేది 2052లోనే.

ఈ పుస్తకాల దారి మన వైపు కూడా వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు రాజధానిలో ఉన్న పాదిరులు తాము నమోదు చేసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం దండులో పనిచేసిన తెల్లవాళ్ల పిల్లలు వాటిలో ఉన్నారు. తండ్రి పేరు, హోదా ఉంటాయి. తల్లి ఈ దేశపు మనిషైతే చాలాచోట్ల 'నేటివ్ స్త్రీ' అన్న మాటే తప్ప పేరుండదు. ఇంగ్లండులో ఏ ఇంటివాళ్లో ముత్తాతలను వెతుక్కుంటూ ఆ పంక్తి దాకా వచ్చి ఆగిపోతారు. అవతల ఉన్నది మన ఆడపిల్ల అయ్యుండొచ్చు.

అంతకన్నా పాత పేజీ ఒకటుంది. లండన్‌లో సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చ్ బాప్తిస్మాల పుస్తకంలో 1616 డిసెంబరు 22న ఒక తూర్పు ఇండియా మనిషికి పీటర్ అని పేరు పెట్టినట్టు రాశారు. బంగాళాఖాతం తీరం నుంచి ఓడలో వెళ్లిన కుర్రాడు. అయిదేళ్ల కిందటే కంపెనీ ఆ తీరంలో, మన మచిలీపట్నంలో, కొఠీ తెరిచింది. పాట్రిక్ కోప్లాండ్ అనే ఓడ పాదిరి అతనికి ఇంగ్లిషు, లాటిన్ నేర్పాడు. పీటర్ అన్న పేరు ఎంచింది జేమ్స్ రాజే. ఈ కుర్రాడికి నిశాని అవసరం లేదు. అతను లాటిన్‌లో రాసిన ఉత్తరాలు 1622లో అచ్చయ్యాయి, కింద సంతకం పెత్రుస్ పాపా అని. తల్లి అతన్ని ఏమని పిలిచేదో ఆ పేజీలో లేదు.