ఒరెగాన్‌లో ఆరు ఓటింగులు, సంపాదకుడికి రాసిన ఉత్తరాలు

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో చట్టాలూ రాజ్యాంగ సవరణలూ నేరుగా జనం ఓటుకే వస్తాయి. అక్కడ అభ్యర్థి ఉండడు, గుర్తు ఉండదు. బ్యాలెట్ మీద ఒక ప్రశ్న ఉంటుంది, దానికి అవునో కాదో చెప్పాలి. చూపించడానికి మనిషి లేని ఇలాంటి ప్రచారంలో పత్రికా సంపాదకుడికి రాసే ఉత్తరం మంచి ఆయుధమైంది. పసిఫిక్ తీరంలోని ఒరెగాన్‌లో ఆ చరిత్ర స్పష్టంగా కనిపిస్తుంది. స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వాలా అన్న ప్రశ్న అక్కడ 1884, 1900, 1906, 1908, 1910, 1912 సంవత్సరాల్లో మొత్తం ఆరుసార్లు ఓటర్ల ముందుకు వెళ్లింది. ఓటర్లంతా మగవాళ్లే గనుక ఉత్తరం ఎవరు రాసినా ఒప్పించవలసింది వాళ్లనే.

ఈ పోరాటానికి ముందు నిలిచిన అబిగైల్ స్కాట్ డనివే 1834లో పుట్టింది. 1852లో కుటుంబంతో పాటు బండ్ల మీద ఒరెగాన్ చేరింది. దారిలోనే తల్లి చనిపోయింది. పెళ్లయి సేద్యంలో ఉన్న రోజుల్లోనే ‘రైతు భార్య’ పేరుతో స్థానిక వ్యవసాయ పత్రికకు రాసేది. భర్త మరొకరి అప్పుకు హామీ ఉండి పొలం పోగొట్టుకున్నాడు, ఆ తర్వాత ప్రమాదంలో గాయపడి పనికి దూరమయ్యాడు. ఆమె బడి నడిపింది, ఆడవాళ్ల టోపీల దుకాణం పెట్టింది. 1871లో పోర్ట్‌లండ్‌లో ‘న్యూ నార్త్‌వెస్ట్’ వారపత్రిక మొదలుపెట్టింది. అయితే ఆ ప్రాంతంలో అందరూ చదివే పత్రిక ‘ఒరెగోనియన్’. దాని సంపాదకుడు హార్వే స్కాట్ ఆమెకు సొంత తమ్ముడు, స్త్రీల ఓటుకు గట్టి వ్యతిరేకి.

అప్పటి నిబంధన ప్రకారం రాజ్యాంగ సవరణ వరసగా రెండు శాసనసభల్లో నెగ్గాకే ప్రజల ఓటుకు వచ్చేది. స్త్రీల ఓటు సవరణ 1880లోనూ 1882లోనూ శాసనసభ దాటి, 1884లో ఓటర్ల ముందు చిత్తుగా ఓడింది. అనుకూలంగా 11,223 ఓట్లు వస్తే వ్యతిరేకంగా 28,176 పడ్డాయి. 1887లో డనివే తన పత్రికను అమ్మేసింది. పైకి నష్టమే గాని, సొంత పత్రికకున్న పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. దాన్ని కొనేది చాలావరకు ముందే ఒప్పుకున్నవాళ్లు. తేల్చుకోని ఓటరు చదివేది ఎదుటివాడి పత్రిక. అక్కడికి చేరే దారి ఉత్తరాల శీర్షికే. సంపాదకీయం ఒక్కరి గొంతు. దాని కింద అచ్చయిన జవాబు అదే పాఠకుడి కంట్లో పడుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

డనివే నమ్మిన పద్ధతి అలికిడి లేని ప్రచారం. ఊరేగింపులూ భారీ సభలూ ప్రత్యర్థులను నిద్రలేపుతాయని ఆమె భయం. ప్రత్యర్థుల్లో బలమైనవాళ్లు మద్యం వ్యాపారులు. ఆడవాళ్లకు ఓటొస్తే సారా దుకాణాలు మూతపడతాయన్నది వాళ్ల లెక్క. అందుకే ఓటుహక్కు వేరు, మద్య నిషేధం వేరు అని ఆమె ఏళ్ల తరబడి రాసింది, చెప్పింది. నిషేధవాదులకు ఇది నచ్చలేదు, మద్యం వ్యాపారులు నమ్మలేదు. ఈ విషయంలో ఆమె అటూ ఇటూ కాకుండా మిగిలింది. 1900లో తేడా 2,137 ఓట్లకు తగ్గింది. ఆ ఓటమికి తమ్ముడి పత్రికే కారణమని ఆమె నిష్ఠూరమాడింది.

1902లో విలియం యురెన్ బృందం సాధించిన సవరణతో ఆట మారింది. ఓటర్లలో 8 శాతం మంది సంతకాలు పెడితే శాసనసభతో పని లేకుండా ఏ ప్రతిపాదననైనా బ్యాలెట్ మీదికి తేవచ్చు. తలుపు తెరుచుకోగానే జనం తోసుకొచ్చారు. 1910లో ఒరెగాన్ ఓటరు ముందు 32 ప్రతిపాదనలున్నాయి. ప్రభుత్వం పంచిన సమాచార పుస్తకం రెండు వందల పేజీలు దాటింది. అంత పుస్తకం ఎవరు చదువుతారు? ఉత్తరానికి విలువ పెరిగింది ఇక్కడే. బ్యాలెట్ మీద అవునుకొక అంకె, కాదుకొక అంకె ఉండేవి. గొప్పగా వాదించి అంకె చెప్పడం మరచిన ఉత్తరం సగం వృథా. ఒక ప్రతిపాదన, ఒక కారణం, ఒక అంకె అన్నదే పనికొచ్చే కొలత. పేరున్న ఊరివాళ్ల సంతకం దానికి మరింత బలం. ‘మెజారిటీ ఆడవాళ్లకే ఓటు అక్కర్లేదు’ అని స్త్రీల సంఘం ఒకటి వాదిస్తున్నప్పుడు, ‘నాకు కావాలి’ అంటూ ఒక గృహిణి చేసే సంతకమే జవాబు.

1906, 1908, 1910 మూడూ ఓటములే. 1910లో పన్ను కట్టే స్త్రీలకు మాత్రమే ఓటు అడిగిన డనివే ప్రతిపాదనకు వ్యతిరేకంగా 59,065 ఓట్లు పడ్డాయి. పరిమితమైన కోరిక సులభంగా నెగ్గుతుందన్న అంచనా తప్పింది. ఆ ఏడాది ఆగస్టులో హార్వే స్కాట్ మరణించాడు. నవంబరులో వాషింగ్టన్, మరుసటి అక్టోబరులో కాలిఫోర్నియా స్త్రీలకు ఓటిచ్చాయి. ఉత్తరాలు రాసేవాళ్లకు ఇక సిద్ధాంతాలతో పని లేదు, పొరుగు రాష్ట్రాల అనుభవమే సాక్ష్యం.

1912 నాటికి డనివే మంచం పట్టింది. వైద్యురాలు ఎస్తర్ పోల్ లవ్‌జాయ్ వంటివాళ్లు నిశ్శబ్ద పద్ధతిని వదిలేశారు. నల్లజాతి స్త్రీలకు, చైనా మూలాల స్త్రీలకు, మగవాళ్లకు విడివిడి సంఘాలు పుట్టాయి. లవ్‌జాయ్ పెట్టిన సంఘంలో 25 సెంట్లు కడితే జీవిత సభ్యత్వం, పైగా చేరిన ప్రతివారూ ఉపాధ్యక్షులే. ఇన్ని సంఘాలుంటే ఇన్ని రకాల సంతకాలు. నవంబరు 5న సవరణ 61,265–57,104 ఓట్లతో నెగ్గింది. గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ కోరగా ఓటుహక్కు ప్రకటనను డనివే స్వయంగా రాసి సంతకం చేసింది.

1914 నవంబరులో స్త్రీలూ ఓటేసిన ఎన్నికలో ఒరెగాన్ మద్య నిషేధాన్ని ఆమోదించింది. డనివే దాన్ని వ్యతిరేకించింది. అన్నేళ్లూ ఆమె కాదంటూ వచ్చిన మద్యం వ్యాపారుల లెక్కే చివరికి నిజమైంది. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది.