నిజాం తపాలా: స్టాంపు ఒక్కటే చాలదు

హైదరాబాద్ సంస్థానపు స్టాంపుల గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు మాటలతో సరిపెడతారు. అవి నిజాం దర్పానికి అలంకారమని ఒకటి, 1931లో వచ్చిన చార్మినార్ వగైరా బొమ్మల వరుసే వాటిలో చెప్పుకోదగ్గదని రెండోది. ఈ రెండూ నాకు సబబుగా తోచవు. సాలార్‌జంగ్ దివాన్‌గా ఉండగా 1869లో తొలి అణా స్టాంపు వెలువడింది. మరుసటి ఏడు వచ్చిన అర్ధణా, రెండణాల స్టాంపుల పలకపై 240 గళ్ళనూ స్థానికంగా విడివిడిగా చెక్కారు. అందుకే ఒక పలకలోని ఏ రెండు స్టాంపులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. సేకర్తల శ్రద్ధంతా ఈ తేడాల మీదే నిలిచిపోయింది. అంతకంటే ముఖ్యమైనది 1873లో స్టాంపులపై ఉర్దూ లిపిలో పడ్డ ‘సర్కారీ’ అనే ముద్ర. ప్రభుత్వ కచేరీల ఉత్తరాలకూ స్టాంపు అంటించాలన్నారంటే, ఆ ఖర్చుకు లెక్క ఉండాలన్నట్టే. సంస్థానపు మామూలు స్టాంపు పొలిమేర దాటితే చెల్లేది కాదు కాబట్టి అలంకారమేనని వాదించేవాళ్ళున్నారు. పొలిమేర లోపల మాత్రం తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలున్నాయి. అంత మేర ఉత్తరాలు తిప్పిన ఏర్పాటును అలంకారం అనలేం.

1937 ఫిబ్రవరిలో ఏడో నిజాం పాలన రజతోత్సవానికి వెలువడిన నాలుగు స్టాంపుల దగ్గర ఈ వాదన గట్టిపడుతుంది. నాలుగు పైసల దానిపై యునానీ ఆస్పత్రి, ఎనిమిది పైసల దానిపై ఉస్మానియా ఆస్పత్రి, అణా దానిపై ఉస్మానియా విశ్వవిద్యాలయం, రెండణాల దానిపై ఉస్మానియా జూబిలీ హాలు. కొచ్చిన్, జైపూర్ రాజులు తమ ముఖాలనే స్టాంపులకెక్కించారు. ఇక్కడ ఉత్సవం పాలకుడిదే, బొమ్మలు మాత్రం భవనాలవి. నాలుగింట మూడింటికి ‘ఉస్మానియా’ అని ఆయన పేరే ఉంది కదా అంటే, నిజమే. జూబిలీ హాలు పేరే ఉత్సవానిది కూడా. అయినా పాలకుడు తన రూపాన్ని గాక, తాను పెట్టిన ఖర్చును చూపించుకున్నాడు. పైగా విశ్వవిద్యాలయం స్టాంపు వచ్చేనాటికి అక్కడి ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభం కాలేదు. అది జరిగింది 1939లో. అంటే ఆ స్టాంపు అప్పటికి పూర్తయిన వైభవానికి గుర్తు కాదు, కొనసాగుతున్న పనికి ప్రకటన.

1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వ స్టాంపులే సంస్థానమంతటా అమల్లోకి రావడంతో ఈ కథ ముగిసింది. అయితే ఆ స్టాంపులను ఇప్పుడు సేకరించే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. సంస్థానం సొంతంగా స్టాంపు అచ్చుతోనే కార్డులు, కవర్లు అమ్మింది. వాటి నుంచి ఆ అచ్చు ముక్కను కత్తిరించి ఆల్బంలో అంటించుకుంటే ఊరి ముద్ర, తేదీ, చిరునామా అన్నీ పోతాయి. కవర్లను పక్కనపెడితే ఏం పోతుందో రష్యా ఉదాహరణ చెబుతుంది. అక్కడ స్టాంపులు 1857 చివర్లో గాని రాలేదు. అచ్చు కవర్లు మాత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1845కే ఉన్నాయి. అక్కడ స్టాంపుతో చరిత్ర మొదలుపెడితే పన్నెండేళ్ళు గల్లంతవుతాయి. బ్రిటిష్ ఇండియా టెలిగ్రాఫ్ స్టాంపునైతే రెండు ముక్కలు చేసేవారు. ఒకటి రసీదు మీద, మరొకటి ఆఫీసు ఫారం మీద ఉండేది. ఫారాలు నశించాక మిగిలింది సగం స్టాంపే. అతికిన కాగితం లేనిదే ఏ స్టాంపుకూ పూర్తి అర్థం రాదు. నిజాం కచేరీల దఫ్తర్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, విశ్వవిద్యాలయం ముంగిట్లోనే ఉన్నాయి. కేటలాగులు చూసి రాసే చరిత్ర ఇక చాలు. ఉర్దూ, ఫార్సీ చదవగల విద్యార్థులు ఆ దఫ్తర్లు తెరవాలి. ఇళ్ళలో పాత హైదరాబాద్ కార్డో కవరో ఉన్నవాళ్ళు దయచేసి దాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచండి.