పట్టాలు తిరిగొచ్చిన దారి

ఒక ఊరికి రైలు వచ్చిందంటే ఇక అది ఉండిపోతుందనే అనుకుంటాం. మా కాకినాడ–కోటిపల్లి దారికి ఆ భాగ్యం దక్కలేదు. 1928లో వేసిన లైను ఇది. పన్నెండేళ్లు తిరిగాయో లేదో, 1940లో బ్రిటిష్ ప్రభుత్వం పట్టాలు ఊడబెరికి ఆ ఇనుమును రెండో ప్రపంచ యుద్ధానికి తరలించింది. ఎక్కడో జరుగుతున్న యుద్ధానికి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం తమ రైలును ధారపోశాయి. మీకు సమ్మతమేనా అని ఆ ఊళ్లను అడిగినవారు లేరు.

మరో ఏడేళ్లకు స్వాతంత్ర్యం వచ్చింది, రైలు మాత్రం రాలేదు. తాతలు చిన్నప్పుడు రైలెక్కి వెళ్లిన కాకినాడకి మనవలు బస్సుల్లో నిలబడి వెళ్లారు. కాలేజీకైనా, కోర్టుకైనా, పెద్దాసుపత్రికైనా మా వైపు వాళ్లకి దిక్కు కాకినాడే కదా!

పోయిన దారిని మళ్లీ వేయించాలని జనం అడుగుతూనే వచ్చారు. ఆ మాటను ఢిల్లీ దాకా మోసినవారు అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. 2004లో, అరవై నాలుగేళ్ల తర్వాత, సుమారు 45 కిలోమీటర్ల ఆ దారిలో మళ్లీ రైలు కూత పెట్టింది. వినడానికి ఆయన లేరు. ఈ దారి విషయంలో ఎవరి పేరైనా ముందు తలుచుకోవాలంటే అది ఆయన పేరే.

తర్వాత ఈ దారి మీద తిరిగిన ఒంటి బోగీ రైలు బస్సును చూసి ముచ్చటపడ్డవాళ్లం మేము. వరిచేల మధ్య నుంచి, కాలవల మీదుగా ద్రాక్షారామ భీమేశ్వరుడి ఊరు దాటి గోదావరి పాయ గౌతమి ఒడ్డుకు చేరే ప్రయాణం అది. కానీ ముచ్చట వేరు, అవసరం వేరు. రోజూ పనికి వెళ్లి రావలసినవాడికి పట్టాలుంటే సరిపోదు, రైలు వేళకు ఉండాలి. దారిని తిరిగి వేయడంలో చూపిన పట్టుదల దాన్ని నడపడంలో చూపలేదన్నది నా అభిప్రాయం. 2020 మార్చిలో దేశమంతటా ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయినప్పుడు ఇక్కడా ఆగింది. పట్టాలున్నా రైలు లేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు మరోసారి చూశాం.

కోటిపల్లి రేవులో నిలబడితే అవతల ముక్తేశ్వరం, ఆ వెనక కోనసీమ. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి నరసాపురం దాకా లైను వేయడానికి 2000–01లోనే మంజూరు దొరికింది. అమలాపురం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. అది పూర్తయితే మా కోటిపల్లి కొస ఊరు కాదు, నడిమి స్టేషన్ అవుతుంది.

2028 నాటికి ఈ దారికి నూరేళ్లు. రైల్వే పెద్దలకు మా మనవి ఒక్కటే: ఉదయం తొమ్మిదిలోపు కాకినాడ చేరే రైలొకటి, సాయంత్రం ఆరు దాటాక కాకినాడలో బయలుదేరే రైలొకటి, ఏడాది పొడవునా తప్పకుండా నడపండి.