కెలమంగలం కేసుల కాగితాలు ఎక్కడున్నాయి

మా కెలమంగలం వాళ్ల పాత క్రిమినల్ కేసు ఏదైనా వెతకాలంటే నేను మొదట అడిగేది సంవత్సరం. కేసు నంబరు తర్వాత చూసుకోవచ్చు. సంవత్సరం తెలిస్తేనే ఏ ఊరి బస్సెక్కాలో తెలుస్తుంది. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా ఏర్పడింది, అంతకు ముందంతా మేము సేలం జిల్లా. 2004 ఫిబ్రవరి 9న క్రిష్ణగిరి జిల్లా వచ్చింది, అప్పట్నుంచి దాని కింద ఉన్నాము. ఊరు మాత్రం హోసూరుకూ రాయకోటకూ మధ్య ఉన్నచోటే ఉంది. మా తాత సాక్షి చెప్పిన కేసు సేలం సెషన్సు కోర్టుది. మా నాయన సాక్షి చెప్పిన కేసు మీద ధర్మపురి పేరుంది. నేను నకళ్లు తెచ్చినవాటిలో ఎక్కువ క్రిష్ణగిరివి. ఒకే ఇంట్లో మూడు తరాలుండి మూడు జిల్లాల కోర్టు మెట్లెక్కినాము.

నేను వకీళ్ల దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ని. కాపీ అర్జీ రాయడం, స్టాంపు అంటించడం, రికార్డు గదిలో కట్ట దొరికిందా అని అడగడం, దొరికితే పుటలు సరిచూసుకుని సంతకం పెట్టి తెచ్చుకోవడం, ఇవే నా పనులు. పని మానుకున్నాక కూడా చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఇంటికొచ్చి, "అన్నా, మా తాత జైలుకు పోయినాడంటారు, నిజమేనా? కాగితం ఏమైనా దొరుకుతుందా?" అని అడుగుతానే ఉన్నారు. కొందరిది ఆస్తి తగాదా, కొందరిది ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు విచారణ. కొందరికి తమ ఇంటి చరిత్ర తెలుసుకోవాలనే పట్టుదల. ఇన్నాళ్లూ వాళ్లకు నోటితో చెప్తూ వచ్చింది ఇప్పుడు రాసిపెడుతున్నాను.

కాగితం ఎంత వెనక్కు దొరుకుతుందో తెలియాలంటే ఈ సీమకు ఈస్టిండియా కంపెనీ కచేరి ఎప్పుడొచ్చిందో తెలియాలి. 1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో టిప్పు సుల్తాను బారామహల్‌ను కంపెనీకి ఇచ్చేసినాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కలెక్టరుగా వచ్చినాడు, అతని సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు. రాయకోట అప్పుడే కంపెనీ చేతికి పోయింది. దానికి ఎగువన పీఠభూమి మీదున్న కెలమంగలం, డెంకణికోట, హోసూరు మాత్రం ఇంకో ఏడేళ్లు టిప్పు కిందే ఉన్నాయి. 1799 మార్చిలో జనరల్ హారిస్ దండు శ్రీరంగపట్నం మీదికి పోతూ మా కెలమంగలం దగ్గర దిగింది. నిజాం సేనతో పాటు నడిచిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా ఆ దండులో ఉన్నాడు. మే నెలలో టిప్పు పడిపోయినాక మా సీమ కూడా కంపెనీదైంది. బారామహల్ రికార్డులను అచ్చువేసిన సంపుటాల్లో 1792 నుంచే కెలమంగలం సంగతులు వరుసగా ఉంటాయనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ తొలి ఏడేళ్లూ రాయకోట కచేరికి మేము పొరుగు రాజ్యం.

తర్వాతి అరవై ఏళ్ల న్యాయం ఇప్పటి మనకు కొత్తగా కనిపిస్తుంది. చెన్నపట్నంలో ఫౌజ్‌దారీ అదాలత్ ఉండేది. సర్క్యూట్ జడ్జీలు జిల్లాలు తిరిగి పెద్ద నేరాలు విచారించేవాళ్లు. వాళ్ల పక్కన కూర్చున్న ఖాజీ, ముఫ్తీలు ఫత్వా రాసిచ్చేవాళ్లు. 1843లో సర్క్యూట్ కోర్టులు పోయి సెషన్సు కోర్టులు వచ్చినాయి. 1862లో పీనల్ కోడ్ అమలైంది, అదే ఏడాది మద్రాసు హైకోర్టు తెరిచినారు. 1862కు ముందటి సంగతి వెతికేవాళ్లను నేను జిల్లా కోర్టుకు పంపను. చెన్నైలో ఎగ్మోరు ఆర్కైవ్స్‌కు పంపుతాను. 1909 నుంచి ఆ ఎర్ర భవనంలో ప్రభుత్వ న్యాయశాఖ కాగితాలు ఏళ్లవారీగా ఉన్నాయి. శిక్ష పడి సముద్రం దాటించిన ఖైదీ అయితే అండమాన్ల పేరు చూడాలి, 1858కి ముందైతే పినాంగు, మలాకా, సింగపూరు పేర్లు చూడాలి.

అసలు జిల్లా కోర్టు దాకా పోని నేరాలే ఊళ్లో ఎక్కువ. 1816 రెగ్యులేషన్ ఊరి మునసబును గ్రామ మేజిస్ట్రేటును చేసింది. తిట్టుకోవడం, చిన్న కొట్లాట లాంటివాటికి పన్నెండు గంటల దాకా ఊరి చావడిలో కూర్చోబెట్టే అధికారం అతనికుండేది. తక్కువ కులమని ముద్ర వేసినవాళ్లను అదే తప్పుకు ఆరు గంటల దాకా బొండలో బిగించవచ్చని ఆ రెగ్యులేషన్‌లోనే రాసినారు. ఒకే తిట్టుకు ఒకరు అరుగు మీద కూర్చుంటే ఇంకొకరి కాళ్లు కొయ్యలో ఇరుక్కున్నాయి. చట్టం చేతులారా చేసిన అన్యాయం ఇది. ఆ అవమానం పడ్డవాళ్ల పేర్లకు సెషన్సు రిజిస్టర్లలో చోటు లేదు, అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పినా నొక్కి చెప్తాను.

మునసబు ఇంకో పని కూడా చేసేవాడు. ఊళ్లో హత్యో అనుమానపు చావో జరిగితే యాదాస్తు రాసి ఒకటి పోలీసు ఠాణాకు, ఒకటి మేజిస్ట్రేటుకు పంపేవాడు. పాత మద్రాసు తీర్పులు చదివితే ఈ యాదాస్తులు మళ్లీ మళ్లీ వస్తాయి. ఎఫ్.ఐ.ఆర్. కన్నా ముందు పుట్టిన కాగితం కనుక వకీళ్లు దాని మీదే గంటలకొద్దీ వాదించేవాళ్లు. మా సీమలో మునసబు అనగానే గుర్తొచ్చే ఇల్లు తొరపల్లిది. రాజాజీ నాయన ఆ ఊరి మునసబు. 1878లో అక్కడ పుట్టిన రాజాజీ 1900లో సేలంలో వకీలుగా కుదురుకున్నాడు. ఊరి చావడి నుంచి జిల్లా కోర్టుకు న్యాయం నడిచిన దారి ఒక ఇంట్లోనే రెండు తరాల్లో కనిపిస్తుంది. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఆ ఇళ్లలో అటకల మీదున్న చిట్టాలు, యాదాస్తు నకళ్లు చాలావరకు చెదలు తిన్నాయి. మిగిలినవాటిలో ఏడాది ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా.

ఇక కోర్టు రిజిస్టరు. పి.ఆర్.సి., సి.సి., ఎస్.సి. అనే మూడు గుర్తులు తెలిస్తే సగం పని అయినట్టే. మేజిస్ట్రేటే విచారించి తీర్పు చెప్పే కేసు సి.సి., అంటే క్యాలెండర్ కేసు. హత్య, దోపిడీహత్య లాంటి పెద్ద నేరమైతే మేజిస్ట్రేటు దగ్గర అది పి.ఆర్.సి. నంబరుతో మొదలై, సెషన్సుకు పంపినాక ఎస్.సి. నంబరు తెచ్చుకుంటుంది. అప్పీలుకు పోతే హైకోర్టులో ఇంకో నంబరు. ఒకే మనిషి, ఒకే నేరం, మూడు నంబర్లు. డెంకణికోటలో పి.ఆర్.సి. దొరికింది, తీర్పు లేదు అని వెనక్కు వచ్చేసేవాళ్లను చూసినాను. తీర్పు అక్కడ ఉండదు. ఆ వరుసలో ఏ సెషన్సుకు పంపినారో రాసి ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవాలి. ఇందులో ఇంకో చిక్కుంది. జిల్లా హద్దు మారిన రోజే కోర్టు హద్దు మారదు, కోర్టు కూర్చునే ఊరూ అదే కానక్కరలేదు. పాత తీర్పుల తలకట్టులో ధర్మపురి సెషన్సు జడ్జి, క్రిష్ణగిరిలో అని కనిపిస్తుంది. పేరు చూసి ధర్మపురికి పోతే ఒక రోజు పోతుంది.

చివరిదాకా పోవాలని నేను ఇంత గట్టిగా ఎందుకంటానో సేలం కేసు ఒక్కటి చెప్తే చాలు. 1882లో సేలంలో మతకలహాలు జరిగినాయి. పురపాలక సంఘంలో ఉన్న యువ వకీలు చక్రవర్తి విజయరాఘవాచారి మీద ఆ కలహాలు రేపినాడని నేరం మోపి పదేళ్ల శిక్ష వేసినారు. సేలం కాగితం వరకే చదివినవాడికి ఆయన ఘోరమైన నేరస్తుడు. హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలింది. ఈ నిందతో తనను పురపాలక సంఘం నుంచి తీసేసినందుకు ఆయన ఏకంగా సెక్రటరీ ఆఫ్ స్టేట్ మీదే దావా వేసి గెలిచినాడు. ఆ తీర్పు ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు వరుసలో 7వ సంపుటంలో అచ్చయి ఉంది. 1920లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించింది ఈయనే. కింది కోర్టు కట్ట దగ్గరే ఆగిపోతే ఎంత పెద్ద మనిషికైనా ఎంత అన్యాయం చేస్తామో చూడండి.

కోర్టుతో సంబంధం లేకుండానే నేరస్తుల చిట్టాకెక్కినవాళ్లూ ఉన్నారు. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు రాష్ట్రంలో అమలైనాక కొరవలను, అంటే మనం ఎరుకలవాళ్లనేవాళ్లను, పుట్టుకను బట్టి రిజిస్టరులో రాసి వేలిముద్రలు తీసుకున్నారు. సేలం జిల్లాలోనూ ఇది జరిగింది. 1952 ఆగస్టులో ఆ చట్టం పోయింది. మన ముత్తాత పేరు అలాంటి రిజిస్టరులో కనిపిస్తే అది నేరానికి రుజువు కాదు. ఆయన ఏ ఇంట్లో పుట్టినాడో చెప్పే కాగితం మాత్రమే అది.

ఒక పల్లె పిల్లవాడి సంగతి చెప్తాను. ఉద్యోగం ఖాయమైంది, విచారణలో అతని పేరు మీద పాత కొట్లాట కేసు తేలింది, చేర్చుకోవడం ఆగిపోయింది. మా దగ్గర మునియప్ప, వెంకటేశప్ప, నారాయణప్ప అనే పేర్లు ఇంటికొకటి ఉంటాయి, తమిళనాడు పద్ధతిలో ఇంటిపేరు బదులు తండ్రి పేరు మొదటి అక్షరమే రాస్తారు. ఎమ్. మునిరాజు అంటే ఎంతమందైనా ఉండవచ్చు. ఆ పిల్లవాడి నాయన కన్నీళ్లతో, "సామీ, మా వాడు కొట్లాటకు పోయేవాడు కాదు" అన్నాడు. కన్నీళ్లు చూపిస్తే చాలదు, కాగితం కావాలి. సర్టిఫైడు నకలు తెచ్చి చూస్తే ముద్దాయి ఊరు వేరు, వయసు వేరు, తండ్రి పూర్తి పేరు వేరు. ఆ నకలు చూపించినాకే ఉద్యోగం నిలిచింది.

అయితే ప్రతి కట్టా దొరకదు. 1917 నాటి రికార్డుల నాశన చట్టం ప్రకారం హైకోర్టులు చేసిన నియమాలున్నాయి. చిన్న కేసుల కట్టలను గడువు తీరినాక తీసేస్తారు, పెద్ద కేసుల్లో తీర్పులాంటి ముఖ్యమైన భాగాలు ఎక్కువ కాలం ఉంచుతారు. కట్ట పోయినా రిజిస్టరులో వరుస మిగులుతుంది, కాబట్టి కట్ట లేదన్న మాట వినగానే లేచి రావద్దు. రిజిస్టరు వరుసకు నకలు అడగండి. భాష కూడా మరవొద్దు. ఊరి కాగితం తెలుగులోనో కన్నడంలోనో, వాంగ్మూలం తమిళంలో, పాత తీర్పు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో రామయ్య అయినవాడు తమిళంలో ఇరామయ్య అవుతాడు. పేరును అన్ని రూపాల్లోనూ వెతకాలి.

ఇప్పటి కేసులకు ఇంత తిరుగుడు అక్కరలేదు. ఈ-కోర్ట్స్‌లో క్రిష్ణగిరి జిల్లా ఎంచుకుని డెంకణికోట, హోసూరు కోర్టులను కక్షిదారు పేరుతో, ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో, వకీలు పేరుతో చూడవచ్చు. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుంటుంది, వెతకడానికి అది పనికొస్తుంది. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలంది, సున్నితమైన కేసులకు మినహాయింపుతో. ఎఫ్.ఐ.ఆర్. నంబరు ప్రతి ఠాణాలో ఏటా ఒకటి నుంచి మొదలవుతుంది. కెలమంగలం ఠాణా అనీ ఏ సంవత్సరమనీ రాయకుండా ఒట్టి నంబరు ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పేరుతో వెతికి దొరికిన వరుసను మాత్రం ఊరు, వయసు, తండ్రి పేరు కలిసేదాకా నమ్మొద్దు.

కెలమంగలం చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో ఎవరి మీదైనా కేసు నడిచి విడుదలై ఉంటే, ఆ తీర్పు సర్టిఫైడు నకలు ఇప్పుడే తెచ్చి పట్టా కాగితాల పక్కన పెట్టుకోండి. దాని వెనక ఠాణా పేరు, కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరం, అప్పటి జిల్లా పేరు మీ చేతితో రాసి పెట్టండి. మునసబు, కరణాల వారసులారా, అటక మీద చిట్టాలుంటే తగలబెట్టకండి, ఎగ్మోరు ఆర్కైవ్స్‌కు రాయండి.