గోడ మీది పేరు

మన మందిరాల్లో ఫ్యాను రెక్క మీద కూడా కానుక ఇచ్చినవారి పేరు రాయిస్తాం. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఐగుప్తు నుండి తెచ్చిన దెండూర్ అనే పురాతన గుడి ఉంది. 1978లో దానికోసం తెరిచిన విభాగానికి శాక్లర్ అని పేరు పెట్టారు. లండన్‌లో, పారిస్‌లో కూడా మ్యూజియం గోడల మీద అదే పేరు ఉండేది. అయితే తరువాత ఆ కుటుంబానికి అపారమైన ధనం తెచ్చిన మందు సీసా మీద ఆ పేరు లేదు. పర్డ్యూ అని మాత్రమే ఉంది.

ఆర్థర్, మార్టిమర్, రేమండ్ బ్రూక్లిన్‌లో కిరాణా కొట్టు నడిపిన ఒక వలసదారుని కుమారులు. ముగ్గురూ డాక్టర్లే. 1952లో పర్డ్యూ ఫ్రెడరిక్ అనే చిన్న మందుల కంపెనీ వారి చేతికి వచ్చింది. ఆర్థర్ 1987లో చనిపోగా ఆయన వాటాను తమ్ముళ్లు కొనుక్కున్నారు. అందుచేత తరువాతి సంగతులను ఆయన పిల్లల మీద మోపడం న్యాయం కాదు.

1996లో ఆక్సీకాంటిన్ అమ్మకానికి వచ్చింది. నల్లమందు కోవకు చెందిన మందు, 12 గంటలపాటు నెమ్మదిగా పనిచేసే మాత్ర. కేన్సర్ బాధలో ఉన్నవారికి ఇలాంటి మందు అవసరమే, దానిని మేము తప్పుపట్టడం లేదు. కంపెనీ మాత్రం నడుము నొప్పికీ కీళ్ల నొప్పికీ కూడా దీన్ని రాయించింది. అలవాటు పడేవారు 1 శాతం లోపే అని దాని ప్రతినిధులు డాక్టర్లను నమ్మించారు.

ఆ లెక్క ఎక్కడిది? 1980లో ఒక పేరున్న వైద్య పత్రికలో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరం దానికి ఒక ఆధారం. ఆసుపత్రిలో ఇలాంటి మందులు పొందిన 11,882 మందిలో వ్యసనం నమోదైనది నలుగురికే అని అందులో ఉంది. అది ఆసుపత్రి మంచం మీద, కొలిచి ఇచ్చిన మందు మాట. ఇంటికి తీసుకువెళ్లి నెలల తరబడి మింగే మాత్ర మాట కాదు. సందర్భం నుండి ఒక వచనాన్ని తెంచి బోధించేవారిని మనం చూశాం కదా, ఇది సరిగ్గా అదే.

పశ్చిమ వర్జీనియా, కెంటకీ బొగ్గు గనుల ఊళ్లలో ఒళ్లు హూనమైన పనివారు ఈ మాత్రకు చిక్కారు. నలిపితే 12 గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగేది. అప్పటి కంపెనీ అధ్యక్షుడు, రేమండ్ కుమారుడు రిచర్డ్, తప్పంతా వ్యసనపరులదేనని 2001లో ఈమెయిల్‌లో రాశాడు. 2007లో కంపెనీ, దాని ముగ్గురు అధికారులు నేరం ఒప్పుకున్నారు. 60 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. శాక్లర్లలో ఒక్కరి మీదా నేరారోపణ లేదు. ఆ తరువాతి పదేళ్లలో, పన్నులకు పోయినదానితో కలిపి, కుటుంబం కోసం కంపెనీ నుండి బయటికి వెళ్లినది 1,000 కోట్ల డాలర్ల పైమాటే. 2019లో కంపెనీ దివాలా అర్జీ పెట్టింది. 2020లో మళ్లీ నేరం ఒప్పుకుంది.

1999 నుండి 2023 వరకు అమెరికాలో ఈ జాతి మందుల వల్ల సుమారు 8 లక్షల మంది చనిపోయారు. హెరాయిన్, ఫెంటనిల్ మరణాలు కూడా ఇందులో ఉన్నాయి, అన్నీ ఈ ఒక్క మాత్ర పని కాదు. అయినా చాలామందికి తలుపు తెరిచింది ఇలాంటి మాత్రలే.

యూదా తిరిగి ఇచ్చిన వెండి నాణెములను కానుకల పెట్టెలో వేయడానికి యాజకులు కూడా ఒప్పుకోలేదు. మ్యూజియంలకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. తానే ఈ మాత్రకు బానిసై బయటపడిన ఫోటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 2018లో తోటివారితో వచ్చి, దెండూర్ గుడి ముందున్న నీళ్లలో మాత్రల సీసాలు విసిరింది. 2019లో పారిస్‌లోని లూవ్ర్ ఆ పేరు తీసేసింది. 2021 డిసెంబరులో న్యూయార్క్ మ్యూజియం కూడా తీసేసింది.

2022 మార్చిలో దివాలా కోర్టు వీడియో విచారణలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ కుటుంబంతో నేరుగా మాట్లాడారు. ఒక జంట తమ కుమారుడు పోయిన రోజు అత్యవసర నంబరుకు చేసిన ఫోనును వినిపించింది. కుటుంబంలో ఇద్దరి ముఖాలు తెర మీద కనబడ్డాయి. రిచర్డ్ ముఖం కనబడలేదు. ఆయన విన్నాడు, అంతే.