బాధ్యత ఊరికి, ఖజానా రాజధానికి

మన దేశంలో స్థానిక పాలన స్వపరిపాలన ఆదర్శంతో మొదలు కాలేదు, ఖజానా లోటుతో మొదలైంది. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న వైస్రాయ్ మేయో ప్రభుత్వం 1870లో విద్య, వైద్యం, రోడ్ల వంటి పద్దులను చాలీచాలని గ్రాంటుతో ప్రెసిడెన్సీలకు అప్పగించింది. మరుసటి ఏడాది మద్రాసు స్థానిక నిధుల చట్టం ఆ భారాన్ని రైతు కట్టే సెస్సు మీదికి మళ్లించి, బోర్డులకు పెద్దలుగా కలెక్టర్లను కూర్చోబెట్టింది. స్థానిక సంస్థల అసలు ప్రయోజనం ప్రజలకు రాజకీయ శిక్షణ ఇవ్వడమేనని 1882లో వైస్రాయ్ రిపన్ తీర్మానం చెప్పింది. ఈ రెండు ఉద్దేశాలూ అప్పటి నుంచి పక్కపక్కనే నడుస్తున్నాయి. చట్టాల పీఠికల్లో రిపన్ మాట వినిపిస్తుంది, బడ్జెట్ పద్దుల్లో మేయో లెక్కే సాగుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాకా ఈ తీరు మారలేదు. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ సూచనల మేరకు 1959లో రాజస్థాన్ తర్వాత వెంటనే ఆంధ్రప్రదేశ్ మూడంచెల పంచాయతీరాజ్ వ్యవస్థను తెచ్చింది. ప్రాథమిక పాఠశాలలు, బ్లాకు నిధులు పంచాయతీ సమితుల చేతికొచ్చాయి. కానీ జిల్లా పరిషత్తులో స్థాయీ సంఘాలన్నిటికీ అధ్యక్షుడు కలెక్టరే. ఆ తొలి ఉత్సాహం అయిదారేళ్లకే చల్లబడిందని 1978లో అశోక్ మెహతా కమిటీ తేల్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986 చట్టంతో సమితులను రద్దుచేసి మండలాలను తెచ్చింది. పాలన ఊరికి దగ్గరైన మాట నిజమే. అయితే జిల్లా ప్రణాళికను సమీక్షించే మండలికి మంత్రిని అధ్యక్షుణ్ని చేసింది. నేటికీ పల్లెల్లో ఎన్నో ఉన్నత పాఠశాలల బోర్డు మీద జిల్లా పరిషత్ పేరే ఉంటుంది. జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి, ఆజ్ఞలు విద్యాశాఖ నుంచి వస్తాయి.

1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఎన్నికలను తప్పనిసరి చేసింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల బదలాయింపును మాత్రం రాష్ట్రాల విచక్షణకు వదిలేసింది. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని అయిదేళ్లకొకసారి నియమించాలంది కానీ, దాని సిఫార్సులు అమలు చేసి తీరాలనలేదు. కేంద్ర ఆర్థిక సంఘాల ద్వారా డబ్బు రావడం పెరిగింది. 2015-20 కాలానికి పద్నాలుగో సంఘం గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫార్సు చేసింది. పదిహేనో సంఘం తన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణ 2018 చట్టం సర్పంచుకు బాధ్యతల చిట్టా పెంచి, సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టరుకు ఇచ్చింది.

పల్లెల్లో సామర్థ్యం లేదని, డబ్బిస్తే పెత్తందారుల పాలవుతుందని అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. సమితుల కాలంలో టీచర్ల బదిలీలు రాజకీయాలకు ఎరగా మారాయి. కానీ ఆ అవినీతి అధికారం కింది స్థాయిలో ఉన్నందువల్ల పుట్టలేదు, నియమాలు లేనందువల్ల పుట్టింది. అధికారం రాజధానికి తిరిగి వెళ్లాక బదిలీలకు సిఫార్సులు ఆగలేదు, అడ్రసు మాత్రం మారింది. 1996లో కేరళ తన ప్రణాళికా నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు కేటాయించింది. గ్రామసభల్లో పనులు తేల్చి, సిబ్బందిని అప్పగించి, శిక్షణ ఇచ్చింది. అక్కడా లోపాలున్నాయి, అయినా సామర్థ్యం పని చేస్తేనే వస్తుందని తేలింది. ధనిక ఊళ్లే లాభపడతాయన్న మరో భయానికి జనాభా, వెనుకబాటు ఆధారంగా వాటా పంచే సూత్రమే జవాబు. ఆ సూత్రం కోసమే రాష్ట్ర ఆర్థిక సంఘం ఉంది.

కాబట్టి మరో అంచెనో, మరో పేరునో సృష్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాష్ట్ర పన్నుల్లో స్థానిక సంస్థల వాటా చట్టంలో అంకెగా ఉండాలి, అది ఎవరి సంతకం కోసమూ ఆగకుండా జమ కావాలి. ఇంటి పన్ను పెంచే, తగ్గించే నిర్ణయం గ్రామానిదే కావాలి. అప్పుడే ఆ డబ్బు ఎటుపోయిందని సర్పంచును నిలదీసే హక్కు ఓటరుకు అర్థవంతమవుతుంది. నా చేతిలో ఏముందనే సాకు సర్పంచుకు మిగలదు.